మంత్రసాని – ఒక మాట, ఒక విద్య



ఈ టపాకు మూలం ఒక చిన్న ప్రశ్న. మా పై వాటాలో ఉండే అమ్మాయి – ఒకప్పటి నా శిష్యురాలి కూతురు, అప్పటికి ఏడవ నెల గర్భిణి – ఒక సాయంత్రం క్రిందికి దిగివచ్చి, "తాతగారూ, మిడ్‌వైఫ్ అన్నదానికి తెలుగులో ఏమనాలి?" అని అడిగింది. మా హైదర్‌గూడలోనే, పాత ఎమ్మెల్యే క్వార్టర్ల ఎదుట ఉన్న ఫెర్నాండెజ్ ఆసుపత్రిలో ఆమె చూపించుకొంటున్నది. అక్కడ తనను చూచేవారిలో డాక్టరుతోపాటు మిడ్‌వైఫ్ ఒకామె ఉన్నదట. ఆమె డాక్టరూ కాదు, మామూలు నర్సూ కాదు. మరి ఎవరు అని ఊళ్ళో ఉన్న అమ్మమ్మ ఫోనులో అడిగితే ఈ పిల్లకు చెప్పడం రాలేదు. నేను తడుముకోకుండా "మంత్రసాని" అన్నాను. అమ్మాయి ముఖం చిన్నబోయింది. "అదేమిటి తాతగారూ, ఆవిడ నర్సింగు చదివి, ఆ పైన మళ్ళీ ప్రత్యేకంగా చదువుకొన్నారు" అన్నది.

ఆంగ్ల పదాలకు తెలుగు మాటలు వెదకడం మనలో చాలామందికి ఇష్టమైన పని కదా. ఈసారి మాట ఉన్నది, కాని వాడితే ఎదుటివారు నొచ్చుకొంటున్నారు. ఎందుకు నొచ్చుకోవాలి? ఆ ప్రశ్న వెంట వెళితే చాలా దూరమే వెళ్ళవలసి వచ్చింది.

ముందు మాట సంగతి. "సాని" స్వామినికి వికృతి. "మంత్ర" అన్నది చూచి ఆమె ఏదో మంత్రం చదివి బిడ్డను బయటికి రప్పిస్తుందని అనుకొంటారు గాని, మంత్రమంటే ఆలోచన, హితవు అన్న అర్థం కూడా ఉన్నది. మంత్రి, మంత్రాంగం అన్న మాటలు అక్కడివే. ఆలోచన చెప్పే దొరసాని అని నేను అన్వయించుకొంటాను. పెద్దలు కాదంటే సరిదిద్దుకొంటాను. ఆంగ్లంలో ఆ "మిడ్" అన్నది నడుమ కాదు, పాత ఆంగ్లంలో "తో" అన్న విభక్తి. తోడుగా ఉన్న స్త్రీ అని అర్థం. లాటిన్‌లో మంత్రసానిని ఆబ్‌స్టెట్రిక్స్ అనేవారు, ఎదుట నిలిచినది అని. ఆ మాట నుండి పుట్టిన పేరునే నేటి ప్రసూతి వైద్యులు తమ శాస్త్రానికి పెట్టుకొన్నారు. పేరు ఆమెది, శాస్త్రం వారిది.

మన ప్రాచీన వైద్యులు ఈ విషయంలో నిజాయితీగా ఉన్నారనిపిస్తుంది. చరకుడు శారీరస్థానంలో సూతికాగారాన్ని వర్ణిస్తూ, అక్కడ ఉండవలసినది పెక్కు కాన్పులు చూచిన, ప్రేమగా మాట్లాడగల స్త్రీలని చెప్పాడు. సుశ్రుతుడు నలుగురు స్త్రీలుండాలన్నాడు. వయసు ముదిరినవారు, ప్రసవం చేయించడంలో నేర్పరులు. ఆ నలుగురూ గోళ్ళు కత్తిరించుకొని ఉండాలని కూడా అన్నాడు. ఆ గోళ్ళ మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను.

ఎందుకంటే ఊళ్ళలో వాస్తవం అలా లేదు. పెక్కు గ్రామాలలో పురుడు పోసేది మంగలి స్త్రీలు. చేతికి వచ్చిన విద్య తల్లి నుండి కూతురికి, అత్త నుండి కోడలికి దిగేది. వ్రాసిపెట్టినవారు లేరు, వారికి వ్రాత నేర్పినవారూ లేరు. బిడ్డను మొట్టమొదట ముట్టుకొన్న ఆ చేతినే మైల అని దూరంగా ఉంచేవారు. ఒక చీర, కుంచెడు బియ్యం, అంతే ప్రతిఫలం. "మంత్రసానితనానికి ఒప్పుకొన్న తరువాత ఏది వచ్చినా పట్టవలసిందే" అన్న సామెతలో (పూర్తిపాఠం తెలిసినవారికి తెలుసు) ఆ పని మీద మనకున్న చులకన అంతా ఉన్నది. మా అమ్మ ఏడు పురుళ్ళూ ఇంట్లోనే పోసుకొన్నది. అయిదుగురం మిగిలాము. పోయిన ఇద్దరిలో ఒకడు ఏడవ నాడు కొయ్యబారిపోయి పోయాడని చెప్పేది. అది ధనుర్వాతమని, బొడ్డు కోసిన కొడవలి నుండి వచ్చిందని నేను పెద్దయిన తరువాత గాని అర్థం చేసుకోలేదు. కాబట్టి పాత మంత్రసానిని నెత్తిన పెట్టుకొని ఊరేగించే ఉద్దేశం నాకు లేదు.

అయితే చేతి శుభ్రత లేకపోవడం మంత్రసానికే చెందిన దోషమని అనుకొంటే అదీ పొరబాటే. ఐరోపా వైద్య చరిత్రలో వియన్నా ఉదంతం ప్రసిద్ధం. అక్కడి పెద్ద ఆసుపత్రిలో రెండు ప్రసూతి విభాగాలుండేవి. 1840 నుండి మొదటిదానిలో వైద్యులు, వైద్య విద్యార్థులు. రెండవదానిలో మంత్రసానులు, వారి శిష్యురాళ్ళు. 1840లలో మొదటి విభాగంలో నూటికి సుమారు పదిమంది బాలింతలు సూతికాజ్వరంతో పోయేవారు. మంత్రసానుల విభాగంలో నలుగురికి మించలేదు. ఊళ్ళో ఆడవాళ్ళకు ఈ సంగతి తెలిసి, మొదటి విభాగంలో వేయవద్దని కాళ్ళు పట్టుకొని బ్రతిమాలేవారట. 1847లో సెమ్మెల్‌వైస్ అనే యువ వైద్యుడు కారణం పట్టుకొన్నాడు: వైద్యులు శవాలను కోసి, ఆ చేతులతోనే వచ్చి గర్భిణులను పరీక్షిస్తున్నారు. సున్నపు క్లోరిన్ నీటితో చేతులు కడిగిస్తే మరణాలు పడిపోయాయి. తోటి వైద్యులు అతనిని నమ్మలేదు సరిగదా, అవమానించారు. గోళ్ళు కత్తిరించుకొమ్మన్న సుశ్రుతుడు గుర్తుకు వచ్చింది అందుకే.

ఇక మన నగరానికి వద్దాము. ఆధునిక వైద్యం హైదరాబాదుకు ఆలస్యంగా ఏమీ రాలేదు. మత్తుమందు సురక్షితమా కాదా అని తేల్చిన క్లోరోఫాం కమిషన్లు 1888, 1889లలో ఇక్కడే జరిగాయి. రూపాబాయి ఫర్దూన్‌జీ ఇక్కడి వైద్య పాఠశాలలోనే చదివి, మత్తుమందు ఇవ్వడమే వృత్తిగా చేసుకొన్నది. ఆ పని చేసిన మొదటి మహిళావైద్యురాలిగా ఆమెను ప్రపంచం లెక్కిస్తుంది. 1906లో వేల్సు రాకుమారి శంకుస్థాపన చేసిన విక్టోరియా జనానా ఆసుపత్రిలోనూ ఆమె పనిచేసింది. ఘోషా స్త్రీలకు పురుటి ఆసుపత్రి కావడంతో జనం దానిని జచ్చాఖానా అన్నారు. జచ్చా అంటే బాలింత. మా వయసు హైదరాబాదీలు కొందరు ఏ కాన్పు ఆసుపత్రినైనా ఇప్పటికీ అలాగే అంటారు. మొత్తం మీద మత్తుమందు వచ్చింది, కత్తి వచ్చింది, మందులు వచ్చాయి. శాస్త్రం చదివిన మంత్రసాని మాత్రం ఆ సంఖ్యలో రాలేదు.

ఇంగ్లండులో 1902లోనే చట్టం చేసి మంత్రసానులకు చదువు, పరీక్ష, పట్టిక ఏర్పాటు చేశారు. ఆమె నర్సుకు తోక కాదు, తనంత తానుగా ఒక వృత్తి. మన దేశంలో 1946లో భోర్ కమిటీ లెక్క చూచినప్పుడు బ్రిటిషు ఇండియా మొత్తానికి చదువుకొన్న మంత్రసానులు అయిదువేల దగ్గర తేలారు. స్వాతంత్ర్యం తరువాత దారి ఇంకొక విధంగా తిరిగింది. నర్సింగు చదివినవారికే మిడ్‌వైఫ్ పట్టా కూడా కలిపి ఇచ్చాము. పేరుకు ముందు రెండు బిరుదులు, చేతికి మాత్రం ఒకే పని: డాక్టరు చెప్పినది చేయడం. నేడు కాన్పుల గదిలో ఉన్న నర్సును వచ్చే నెల ఎముకల వార్డుకు మారుస్తారు. పల్లెలకోసం 1951 నుండి ఏఎన్ఎంలను తయారుచేశారు. ఆ పేరులో "ఎం" అంటే మిడ్‌వైఫే. 1973లో కర్తార్ సింగ్ కమిటీ ఆమెను బహుళ ప్రయోజన ఆరోగ్య కార్యకర్తగా మార్చమన్నది. కుటుంబ నియంత్రణ, టీకాలు, మలేరియా, రిజిస్టర్లు అన్నీ ఆమె నెత్తికెక్కాయి. కాన్పు చేయడం మెల్లగా ఆమె చేతినుండి జారిపోయింది. కొడవలి పట్టిన మంత్రసానిని మాన్పించాము, సరే. ఆమె చోట కూర్చోవలసిన మనిషిని పెంచకుండానే మాన్పించాము. ఖాళీ అయిన ఆ పీట మీదికి ఆపరేషను బల్ల వచ్చింది.

అంకెలు చూడండి. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 97 కాన్పులు ఆసుపత్రులలోనే జరుగుతున్నాయి. ఇది సామాన్యమైన విజయం కాదు. ప్రసవ సంబంధ మరణాలు లక్ష కాన్పులకు 2011–13లో 92 ఉండగా, 2018–20 నాటికి 43కు దిగాయి. ఎన్ని ఇళ్ళలో దీపాలు నిలిచాయో! అదే సర్వేలో మరొక అంకె ఉన్నది. రాష్ట్రంలో నూటికి 60.7 కాన్పులు సిజేరియన్లు. ప్రైవేటు ఆసుపత్రులలో 81.5, ప్రభుత్వ ఆసుపత్రులలో 44.5. దేశం మొత్తానికి సగటు 21.5 మాత్రమే. నూటికి పది, పదిహేనుకు మించి అవసరం పడదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 1985లో అన్నది. ఆ లెక్కను ఈనాడు అంత కచ్చితంగా పట్టుకోనక్కరలేదేమో గాని, ఎనభై ఒకటికీ పదిహేనుకూ మధ్య ఉన్న దూరాన్ని ఏ శాస్త్రమూ పూడ్చలేదు. పెద్దాపరేషను ప్రాణం నిలిపే సందర్భాలున్నాయి, అప్పుడు చేయించుకోవలసిందే. అక్కరలేనప్పుడు చేస్తే మాత్రం కడుపు మీది గాటు మరుసటి కాన్పుకు కూడా ముప్పు తెచ్చిపెడుతుంది.

దీనికి డాక్టర్లనొక్కరినే ఆడిపోసుకోవడం నాకు సాధ్యం కాదు. నేనూ ఒక చేయి వేసినవాడినే. తెలుగు పండితుడు గనుక పంచాంగం చూడడం వచ్చునని బంధువులలో నాకొక పేరు. ఏళ్ళ క్రిందట దూరపు చుట్టాల అమ్మాయికి కాన్పు దగ్గర పడింది. ఆ వారంలో ఏ రోజైనా సరేనని ఆసుపత్రివారు అన్నారట, మంచి ఘడియ చూచి చెప్పమన్నారు. గురువారం పుష్యమి కలిసి వచ్చింది. అంతకంటే ఏమి కావాలి? లగ్నం కట్టి, ఇన్ని గంటల ఇన్ని నిమిషాలకు అని చెప్పాను. ఆ నిమిషానికే బిడ్డను తీశారు. నెలలు పూర్తిగా నిండలేదు. ఊపిరి సరిగా అందక ఆ పసివాడు తొమ్మిది రోజులు గాజుపెట్టెలో ఉన్నాడు. తరువాత కోలుకొన్నాడు, ఇప్పుడు బడికి వెళుతున్నాడు. కాని ఆ తొమ్మిది రోజులూ వాళ్ళమ్మ గాజుకు అవతల నిలబడి చూస్తుంటే, నేను ఇంట్లో కూర్చొని జాతకం దివ్యంగా ఉన్నదని చెప్పుకొన్నాను. తొందరపడి చేసే ఆపరేషన్లలో ఊపిరితిత్తులు పక్వం కాని బిడ్డలకు ఇటువంటి ఇబ్బంది వస్తుందని తరువాత చదివి తెలుసుకొన్నాను. ఆ తరువాత ఎవరు అడిగినా చూడలేదు. 2022లో రాష్ట్ర ఆరోగ్య శాఖే ముహూర్తపు ఆపరేషన్లు వద్దని బహిరంగంగా చెప్పవలసి వచ్చిందంటే, నావంటివారు ఎందరున్నారో ఊహించుకోవచ్చు.

నర్సుకు మరింత చదువు, దానితోపాటు మరింత అధికారం ఇవ్వాలన్న ఆలోచన ఇతర దేశాలలో కొత్తది కాదు. 1925లో అమెరికాలో మేరీ బ్రెకిన్‌రిడ్జ్ అనే నర్సు, ఇంగ్లండులో మిడ్‌వైఫ్ విద్య నేర్చుకొని వచ్చి, కెంటకీ కొండలలో గుర్రాలమీద తిరిగే నర్సు మంత్రసానుల దళాన్ని నడిపింది. 1965లో కొలరాడోలో లొరెట్టా ఫోర్డ్ అనే నర్సు, హెన్రీ సిల్వర్ అనే పిల్లల డాక్టరు కలిసి నర్స్ ప్రాక్టీషనర్ చదువును మొదలుపెట్టారు. డాక్టరు దొరకని పల్లెల్లో పిల్లలను పరీక్షించి, సామాన్యమైన జబ్బులకు తానే వైద్యం చేసి, మించినదానిని పైకి పంపగల నర్సు కావాలన్నది వారి ఊహ. ఆ ఫోర్డమ్మ 2025 జనవరిలో 104 ఏళ్ళ వయసులో కాలం చేసింది. ఆమె నాటిన విత్తు దేశదేశాలలో చెట్టయింది.

మన నగరంలో ఆ విత్తు పడినది కాన్పుల గదిలో. బొగ్గులకుంటలో 1948లో డాక్టర్ లూర్డ్స్ ఫెర్నాండెజ్, ఆమె భర్త లెస్లీ రెండు మంచాలతో ప్రారంభించిన పురుటి ఆసుపత్రి, వారి కుమార్తె డాక్టర్ ఎవిటా ఫెర్నాండెజ్ చేతిమీదుగా పెరిగి మా హైదర్‌గూడకు కూడా వచ్చింది. 2011లో అక్కడ నర్సులకు ప్రత్యేకంగా మిడ్‌వైఫ్ శిక్షణ ప్రారంభించారు. ఒక ప్రసూతి వైద్యురాలే తన పనిలో సగం నర్సుకు అప్పగించాలని అనడం విశేషం. మనదేశంలో ఏ వృత్తివారైనా తమ గిరి దాటనివ్వరు కదా! అది డబ్బు కట్టి చూపించుకొనే ఆసుపత్రి, అందరికీ అందేది కాదు, నిజమే. అందుకే తరువాతి అడుగు ముఖ్యం. 2017 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం, యూనిసెఫ్, ఫెర్నాండెజ్ సంస్థ కలిసి కరీంనగర్ ప్రభుత్వ మాతాశిశు ఆసుపత్రిలో 18 నెలల చదువును ఆరంభించాయి. ప్రభుత్వ ఆసుపత్రుల స్టాఫ్ నర్సులనుండి ముప్పైమందిని ఎన్నుకొన్నారు. 2018 డిసెంబరులో కేంద్రప్రభుత్వం దేశమంతటికీ మిడ్‌వైఫరీ సేవల మార్గదర్శకాలు విడుదల చేసి, ఈ చదువుకు నర్స్ ప్రాక్టీషనర్ ఇన్ మిడ్‌వైఫరీ అని పేరు పెట్టింది. మన కరీంనగర్ దేశానికి ఒక అడుగు ముందున్నదన్నమాట.

ఆ చదువులో ఏముంటుంది? మా అమ్మాయి చెప్పినవీ, నేను చదివినవీ కలిపి చెబుతాను. మిడ్‌వైఫ్ చూచేది ఏ చిక్కూ లేని గర్భిణిని. నెలనెలా పరీక్ష, కాన్పు, బాలింత సంరక్షణ, పసిబిడ్డ పాలు – అన్నీ ఆమెవే. నొప్పులు వచ్చిన మనిషిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్ళు కట్టేసినట్లు ఉంచరు. నడవనిస్తారు, కూర్చోనిస్తారు, పెద్ద రబ్బరు బంతి మీద ఊగనిస్తారు. మొగుడో తల్లో పక్కన ఉండవచ్చు. కసురుకోవడం, కొట్టడం ఉండదు (ఉండదని ప్రత్యేకంగా చెప్పవలసి రావడమే మన దౌర్భాగ్యం). అలవాటుగా అందరికీ వేసే కోత, కుట్లు వేయరు. అన్నిటినీ మించి, ఆమె తొందరపడదు. పదిమందిని చూడవలసిన డాక్టరుకు ఒక కాన్పు దగ్గర పన్నెండు గంటలు కూర్చొనే వీలు ఎక్కడిది?

కూర్చోవడమంటే చేతులు కట్టుకొని కూర్చోవడం కాదు. దీనికి ఒక కాగితం ఉన్నది, పార్టోగ్రాఫ్ అంటారు. అడ్డంగా గంటలు, నిలువుగా గర్భాశయ ముఖద్వారం ఎన్ని సెంటీమీటర్లు విచ్చుకొన్నదీ. నొప్పులు ముదిరిన తరువాత గంటకు ఒక సెంటీమీటరు చొప్పున ఒక గీత గీస్తారు, అది హెచ్చరిక గీత. నాలుగు గంటలు కుడివైపుకు జరిపి మరొక గీత, అది చర్య గీత. పరీక్ష చేసినప్పుడల్లా చుక్క పెట్టి కలుపుకొంటూ పోతే, ఆ దారి హెచ్చరిక గీతను దాటినప్పుడు బండి సిద్ధం చేసుకోవాలి. 1972లో ఫిల్‌పాట్, కాసిల్ అనే ఇద్దరు ఆనాటి రొడీషియాలో, డాక్టర్లు లేని చిన్న ఆసుపత్రులలోని మంత్రసానుల కోసమే ఈ రెండు గీతల పద్ధతిని రూపొందించారు. ఎప్పుడు ఓపిక పట్టాలో, ఎప్పుడు పైకి పంపాలో ఆమె స్వయంగా నిర్ణయించగలగాలని. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో దీనికి బదులు మరింత ఓర్పు గల కొత్త పత్రం తెచ్చింది. అందరు స్త్రీలకూ గంటకో సెంటీమీటరు లెక్క వర్తించదని తేలింది గనుక. ఎంత సాధారణమైన కాగితం! మా అమ్మకు పురుడు పోసిన మంత్రసానికి చేతి నేర్పు ఉన్నది, కాని ఈ కాగితమూ, మరిగించిన కత్తెరా, పైకి పంపడానికి బండీ లేవు. ఇవి మూడూ ఇచ్చి ఉంటే ఆమె కూతురో మనుమరాలో నేడు ఈ చదువు చదివి ఉండేది.

నా భయమల్లా అధికారం గురించే. చదువు చెప్పించడం సులభం, చదివినవారి మాట చెల్లనివ్వడం కష్టం. పద్దెనిమిది నెలలు నేర్చుకొని వచ్చిన నర్సును మళ్ళీ జనరల్ వార్డులో వేస్తే ఆ విద్య ఆరునెలల్లో తుప్పు పడుతుంది. ఆమె "ఇంకా రెండు గంటలు చూద్దాము" అన్నప్పుడు పెద్ద డాక్టరు వినాలి, ఇంటివారు వినాలి, అమ్మగారు నొప్పులు చూడలేక "కోసెయ్యండి" అనకుండా ఉండాలి. 2023లో పార్లమెంటు 1947 నాటి నర్సింగు కౌన్సిలు చట్టాన్ని రద్దుచేసి, జాతీయ నర్సింగు, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం తెచ్చింది. చట్టం పేరులోనే మిడ్‌వైఫరీ అన్న మాట విడిగా కనబడింది. పాత చట్టం పేరులో అది లేదు. తెలుగు పండితుడిని గనుక పేర్లను పట్టించుకొంటాను. పేరు వచ్చిన తరువాత జీతం మెట్టు, పోస్టు, సంతకం చేసే హక్కు వస్తాయా అన్నది చూడాలి.

అమ్మాయికి పోయిన నెల తెల్లవారుజామున ఆడపిల్ల పుట్టింది. మామూలు కాన్పే. పధ్నాలుగు గంటలు పట్టిందట. ఆ పధ్నాలుగు గంటలలో ఇద్దరు మిడ్‌వైఫులు మారారు గాని, గది ఒక్క నిమిషం ఖాళీగా లేదని వాళ్ళమ్మ చెప్పింది. అమ్మమ్మ ఊరినుండి వచ్చి, ఆ నర్సమ్మ చేతులు పట్టుకొని, "మా మంత్రసాని తల్లీ" అన్నదట. ఆమె నవ్విందట, నొచ్చుకోలేదు. పదకొండవ నాడు నన్ను పైకి పిలిచి నక్షత్రం చెప్పమన్నారు. చాలా ఏళ్ళ తరువాత పంచాంగం తీశాను.